దొంగకు చారెడు, నష్టం పుట్టెడు: సైబర్ నేరాల అసలు లెక్క

2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ నాలుగైదు రోజుల్లో 150 దేశాలకు పాకింది. కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం పడిపోయేది. తెరిపించుకోవాలంటే బిట్‌కాయిన్‌లో 300 డాలర్లు కట్టమని తెర మీద ఒక ఎర్ర పెట్టె ప్రత్యక్షమయ్యేది. ఆలస్యం చేస్తే 600. డబ్బు చేరే బిట్‌కాయిన్ ఖాతాలు అందరికీ కనిపించేవే కాబట్టి ఎంత వసూలైందో ఎవరైనా లెక్కపెట్టుకోగలిగారు. ప్రపంచం మొత్తం మీద దాడి చేసినవాళ్లకు ముట్టింది ఇంచుమించు 1.4 లక్షల డాలర్లు. అదే దాడి వల్ల ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఒక్కదానికే 9.2 కోట్ల పౌండ్లు ఖర్చయిందని అక్కడి ఆరోగ్య శాఖ తర్వాత తేల్చింది. దొంగలకు ఎన్‌హెచ్‌ఎస్ చిల్లిగవ్వ కూడా కట్టలేదు. ఆ వారం రోజుల్లో వైద్యసేవలు నిలిచిపోవడం వల్ల పోయింది 1.9 కోట్లే. మిగతా 7 కోట్ల పైచిలుకూ తర్వాతి వారాల్లో కంప్యూటర్లను బాగుచేసుకుని, వ్యవస్థను మళ్లీ నిలబెట్టుకోవడానికి పోసిన డబ్బు.

మామూలు దొంగతనంలో లెక్క సూటిగా ఉంటుంది. మెడలో గొలుసు తెంపుకుపోతే పోగొట్టుకున్నదీ, దొంగ సంచిలో పడిందీ ఒకే గొలుసు. దొంగ దాన్ని సగం ధరకు అమ్ముకుంటాడేమో, అంతే తేడా. సైబర్ నేరాల్లో చాలావాటికి ఈ కొలబద్ద పనికిరాదు. అటు చారెడు దక్కితే ఇటు పుట్టెడు పోతుంది. మధ్యలో ఉన్నదంతా ఎవరికీ చెందకుండా ఆవిరైపోయిన పని, సమయం, నమ్మకం. వార్తల్లో తిరిగే భారీ అంకెలు దొంగ సొమ్మునూ ఈ ఆవిరినీ ఒకే త్రాసులో వేసి తూస్తాయి. అందుకే అవి అంత భారీగానూ, అంత అనుమానాస్పదంగానూ ఉంటాయి.

వాటిలో అందరి నోళ్లలోనూ నానుతున్నది 10.5 లక్షల కోట్ల డాలర్లు. 2025 నాటికి సైబర్ నేరాలు ప్రపంచానికి ఏటా ఇంత నష్టం తెస్తాయని సైబర్‌సెక్యూరిటీ వెంచర్స్ అనే సంస్థ 2020లో జోస్యం చెప్పింది. సైబర్ నేరాన్ని ఒక దేశం అనుకుంటే అమెరికా, చైనాల తర్వాత మూడో పెద్ద ఆర్థిక వ్యవస్థ అదేనన్న పోలిక కూడా అక్కడిదే. భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల ప్రజెంటేషన్లలో మొదటి స్లైడు మీద ఇది లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. అంకె పుట్టిన తీరు మాత్రం చాలా సాదాసీదా. 2021కి 6 లక్షల కోట్లు అనుకుని, ఏటా 15 శాతం చొప్పున నాలుగేళ్లు పెంచుకుంటూ పోతే వచ్చేది అదే. భూమ్మీద ఏడాది పొడవునా జరిగే ఉత్పత్తి అంతా కలిపితే సుమారు 110 లక్షల కోట్ల డాలర్లు. అంటే ప్రతి పది, పదకొండు డాలర్లలో ఒకటి హ్యాకర్ల పాలవుతోందన్నమాట. నమ్మడం కష్టం.

వాషింగ్టన్‌లోని సీఎస్ఐఎస్ అనే అధ్యయన సంస్థ, మెకాఫీ కంపెనీ కలిసి వేసిన అంచనాలు ఇంతకంటే చాలా తక్కువ. 2014లో 44,500 కోట్ల డాలర్లు అన్నారు, 2018లో 60,000 కోట్లకు దగ్గరగా అన్నారు, 2020లో లక్ష కోట్లు దాటిందన్నారు. ఒకే కాలానికి చెందిన రెండు అంచనాల మధ్య అయిదారు రెట్ల తేడా. ఇక పై నుంచి కాకుండా కింది నుంచి లెక్కపెట్టుకొస్తే, అమెరికా ఎఫ్‌బీఐ ఫిర్యాదుల విభాగానికి 2024లో దాదాపు 8.6 లక్షల ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో బాధితులు చెప్పుకున్న నష్టం 1,660 కోట్ల డాలర్లు. అంతకు ముందు ఏడాది కంటే మూడోవంతు ఎక్కువ. ఒక్క దేశం లెక్క, అదీ ఫిర్యాదు చేసినవాళ్లదే అయినా, లక్షల కోట్లకూ దీనికీ మధ్య అగాధం కళ్లకు కడుతూనే ఉంటుంది.

అంచనాలు ఇలా తప్పడం కొత్తేమీ కాదు. 1988లో ఇంటర్నెట్ ఇంకా పొత్తిళ్లలో ఉండగా తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ అప్పటి నెట్‌వర్క్‌ను స్తంభింపజేసింది. దానివల్ల ఎంత నష్టం జరిగిందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఆరా తీస్తే, లక్ష డాలర్ల నుంచి కోటి డాలర్ల మధ్య ఎంతైనా కావచ్చని తేలింది. కింది అంకెకూ పై అంకెకూ తేడా నూరు రెట్లు! సర్వేల మీద ఆధారపడితే ఇంకో చిక్కు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇద్దరు 2011లో దీన్ని తేలికైన ఉదాహరణతో చూపించారు. వెయ్యి మందిని అడిగారనుకుందాం. 999 మంది ఏమీ పోలేదన్నారు, ఒక్కరు మాత్రం 50,000 డాలర్లు పోయాయన్నారు. తలకు సగటు 50 డాలర్లు. దీన్ని 20 కోట్ల జనాభాకు గుణిస్తే 1,000 కోట్ల డాలర్ల జాతీయ నష్టం తయారవుతుంది. ఆ ఒక్క మనిషి అబద్ధమాడినా, ఒక సున్నా ఎక్కువ వేసినా అంతే సంగతులు. కాకి లెక్కలంటే ఇవే.

అలాగని నష్టం చిన్నదని కాదు. బయటకు చెప్పనివాళ్లే ఎక్కువ. హైవ్ అనే రాన్సమ్‌వేర్ ముఠా సర్వర్లలోకి ఎఫ్‌బీఐ 2022లో గుట్టుగా దూరి, నెలల తరబడి లోపలే ఉండి గమనించింది. 80కి పైగా దేశాల్లో 1,500 మందికి పైగా బాధితులు కనిపించారు. వాళ్లలో పోలీసులకు చెప్పుకున్నవాళ్లు సుమారు 20 శాతమే. ముఠా ఇంటి నుంచే తీసిన లెక్క కాబట్టి ఏ సర్వే కంటే కూడా ఇదే నమ్మదగింది. అంటే ప్రచారంలో ఉన్న అంకె అతిశయోక్తి, ఫిర్యాదుల్లో దొరికే అంకె అరకొర. ఈ రంగాన్ని రోజూ చూసేవాళ్లు ఈ రెంటి మధ్యే బతుకుతారు.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాస్ ఆండర్సన్ బృందం 2012లో దీన్ని విడదీసి చూసింది. దొంగకు వచ్చిన రాబడి ఒకటి, బాధితుడికి నేరుగా జరిగిన నష్టం ఇంకొకటి, సమాజం మీద పరోక్షంగా పడిన భారం వేరొకటి, ఇవిగాక కాపలాకు పెట్టిన ఖర్చు. అన్నిటినీ కూడి ఒకే అంకె చెప్పడానికి వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్లిచ్చిన ఉదాహరణ ఇప్పటికీ ఉపయోగపడుతుంది. 2010లో ప్రపంచంలోని స్పామ్ మెయిళ్లలో మూడోవంతు ఒకే బాట్‌నెట్ నుంచి, అంటే దొంగల చేతికి చిక్కిన కంప్యూటర్ల గుంపు నుంచి వచ్చేవి. దాని యజమానులు సంపాదించింది సుమారు 27 లక్షల డాలర్లు. స్పామ్‌ను అడ్డుకోవడానికి ప్రపంచం పెట్టిన ఖర్చు 100 కోట్ల డాలర్లు దాటి ఉంటుంది.

ఈ అసమానత ఎంత దూరం పోగలదో చూపించింది 2017 జూన్ 27. ఉక్రెయిన్‌లో వ్యాపారులు పన్ను లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో నాట్‌పెట్యా అనే వైరస్‌ను దాచి వదిలారు. చూడ్డానికి రాన్సమ్‌వేర్‌లా డబ్బు అడిగేది గానీ, కట్టినా ఫైళ్లు తిరిగి వచ్చే దారే లేదు. అది తాళం వేసే పరికరం కాదు, తుడిచిపెట్టే పరికరం. ఉక్రెయిన్ కోసం వదిలింది ఆ దేశంతో వ్యాపారమున్న ప్రతి కంపెనీకీ పాకింది. దాన్ని రష్యా సైన్యమే వదిలిందని అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి.

డెన్మార్క్ నౌకా రవాణా సంస్థ మెర్స్క్‌లో ఆ రోజు తెరలు వరసగా నల్లబడిపోయాయి. అప్పట్లో ప్రపంచ కంటైనర్ రవాణాలో దాదాపు అయిదోవంతు ఆ కంపెనీదే. రేవుల దగ్గర లారీలు బారులు తీరాయి. ఏ పెట్టెలో ఏముందో, ఎక్కడికి పోవాలో చెప్పే నాథుడు లేడు. మళ్లీ కట్టుకుందామని కూర్చుంటే అసలు సమస్య బయటపడింది. ఎవరు ఏ యంత్రంలోకి వెళ్లొచ్చో నిర్ణయించే డొమైన్ కంట్రోలర్లు ఆ కంపెనీకి దాదాపు 150 ఉండేవి. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుందన్న ధీమాతో ఒకదానికొకటి నకళ్లుగా పెట్టుకున్నారు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు. విడి బ్యాకప్ లేదు. చివరికి ఘనాలో ఒక్క కంట్రోలర్ మిగిలి ఉందని తెలిసింది. దాడికి కాస్త ముందు అక్కడ కరెంటు పోయి, ఆ యంత్రం నెట్‌వర్క్ నుంచి తెగిపోయింది. కరెంటు కోత ఒక మహా సంస్థను కాపాడిన సందర్భం చరిత్రలో ఇంకెక్కడైనా ఉందో లేదో! అక్కడి ఇంటర్నెట్ వేగానికి ఆ డేటాను ఇంగ్లండ్‌కు పంపాలంటే రోజులు పడుతుంది. మనిషిని పంపుదామంటే అక్కడి సిబ్బందిలో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. ఒకరు ఘనా నుంచి నైజీరియా వెళ్లి, విమానాశ్రయంలో మరో ఉద్యోగి చేతికి హార్డ్ డిస్క్ అందిస్తే, ఆయన దాన్ని పట్టుకుని లండన్ విమానం ఎక్కాడు.

పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు కొత్తగా సిద్ధం చేసుకున్నామని కంపెనీ ఛైర్మన్ తర్వాత చెప్పారు. ఖర్చు 25 నుంచి 30 కోట్ల డాలర్లు. మందుల కంపెనీ మెర్క్‌కు 87 కోట్లు, కొరియర్ సంస్థ ఫెడెక్స్‌కు దాదాపు 40 కోట్లు. మొత్తం మీద ప్రపంచానికి 1,000 కోట్ల డాలర్ల దెబ్బ అని వైట్‌హౌస్ అంచనా. ఆ ఎర్ర అక్షరాల ప్రకటన చూసి బాధితులు కట్టిన సొమ్ము ఇందులో లెక్కలోకి రానంత చిన్నది.

డేటా చౌర్యం దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఇక్కడ యంత్రాలు ఆగవు. పోయిందన్న సంగతే తెలియదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెతను ఐబీఎం ఏటా ప్రచురించే నివేదిక దాదాపు అక్షరాలా నిజం చేసింది. 2024 నివేదిక ప్రకారం చొరబాటును గుర్తించడానికి సగటున 194 రోజులు, కట్టడి చేయడానికి మరో 64 రోజులు పట్టింది. ఒక్కో ఘటనకు సగటు ఖర్చు 48.8 లక్షల డాలర్లు, ఆస్పత్రులు తదితర ఆరోగ్య సంస్థలకైతే 97.7 లక్షలు. 2025లో సాధారణ సగటు 44.4 లక్షలకు తగ్గింది. ఈ సగటును ఎడాపెడా వాడేవాళ్లు ఒక సంగతి మరిచిపోతుంటారు. అందులోకి తీసుకునేది సుమారు రెండు వేల నుంచి లక్ష పైచిలుకు రికార్డులు పోయిన మధ్యరకం ఘటనలనే. చిన్న దుకాణాలూ ఉండవు, కోట్ల మంది వివరాలు పోయిన మహా చౌర్యాలూ ఉండవు.

ఆ మహా చౌర్యాల్లో ఈక్విఫాక్స్‌ది ప్రత్యేకం. అమెరికాలో ఎవరికి అప్పు ఇవ్వొచ్చో తేల్చే కంపెనీ అది. అది వాడుతున్న ఒక సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని, దానికి మరమ్మతు కూడా సిద్ధంగా ఉందని 2017 మార్చిలో అందరికీ తెలిసింది. కంపెనీ ఒకచోట దాన్ని వేసుకోలేదు. మే నెలలో చొరబడినవాళ్లు జులై చివరిదాకా లోపలే తిరిగారు. సెప్టెంబర్‌లో కంపెనీ బయటపెట్టింది. దాదాపు 14.7 కోట్ల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు పోయాయి. నియంత్రణ సంస్థలతో 2019లో కుదిరిన రాజీ విలువ 70 కోట్ల డాలర్ల వరకు. నష్టపోయినవాళ్లు కావాలంటే 125 డాలర్ల నగదు అడగొచ్చన్నారు. కానీ ఆ పద్దుకు కేటాయించింది 3.1 కోట్ల డాలర్లే. జనం ఎగబడేసరికి, 125 కాదు కదా అందులో చాలా కొద్ది భాగమే వస్తుందని, నగదు బదులు ఉచిత క్రెడిట్ నిఘా తీసుకోవడం మేలని అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఎఫ్‌టీసీయే చెప్పాల్సి వచ్చింది. ఇంతా చేసి ఆ డేటా దొంగల బజారులో అమ్మకానికి రాలేదు. చైనా సైన్యానికి చెందిన నలుగురి మీద అమెరికా 2020లో అభియోగాలు మోపింది. గూఢచారులు పట్టుకుపోయి దాచుకున్న పుట్టిన తేదీకి ఎంత వెల కట్టాలో ఏ నివేదికా చెప్పలేదు.

యాహూ విషయంలో మొరగడానికి మూడేళ్లు పట్టింది. 2013లో జరిగిన చౌర్యం 2016లో బయటపడింది. మొదట 100 కోట్ల ఖాతాలన్నారు, ఏడాది తిరిగేసరికి మొత్తం 300 కోట్ల ఖాతాలూ పోయాయన్నారు. యాహూను కొనబోతున్న వెరైజన్ ఈ చౌర్యాల పేరు చెప్పి బేరంలో 35 కోట్ల డాలర్లు తగ్గించింది. డేటా పోతే విలువ ఎంత తగ్గుతుందన్నదానికి బజారు స్వయంగా చెప్పిన అరుదైన ధర ఇది. ఖాతాకు లెక్క వేస్తే 12 సెంట్లు కూడా లేదు.

రాన్సమ్‌వేర్ ఈ రెండు దారులనూ కలిపేసింది. యంత్రాలకు తాళం వేయడంతో పాటు డేటా కూడా ఎత్తుకెళ్లి, కట్టకపోతే బయటపెడతామంటారు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఛేంజ్ హెల్త్‌కేర్ మీద జరిగింది ఇదే. ఆస్పత్రులకూ, మందుల షాపులకూ, బీమా సంస్థలకూ మధ్య బిల్లులు నడిపే సంస్థ అది. రెండో అంచె తనిఖీ లేని ఒక లాగిన్ ద్వారా దొంగలు దూరారు. మాతృసంస్థ యునైటెడ్‌హెల్త్ 2.2 కోట్ల డాలర్లు చెల్లించింది. అక్కడ దొంగల్లో దొంగలకే చెడింది. రాన్సమ్‌వేర్ అద్దెకిచ్చే ముఠా డబ్బంతా మింగేసి దుకాణం కట్టేసింది. దాడి చేసినవాడి వాటా వాడికి దక్కలేదు. డేటా మాత్రం ఇంకా వాడి దగ్గరే ఉంది. దాంతో ఇంకో ముఠా పేరుతో రెండోసారి బెదిరింపు వచ్చింది. దాదాపు 19 కోట్ల మంది ఆరోగ్య వివరాలు బయటపడ్డాయి. బిల్లులు కదలక జీతాలు ఇవ్వలేని ఆస్పత్రులకూ క్లినిక్‌లకూ యునైటెడ్‌హెల్త్ సుమారు 900 కోట్ల డాలర్ల బదుళ్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది కంపెనీ చెప్పిన మొత్తం ఖర్చు 310 కోట్ల డాలర్ల దాకా.

ఇప్పుడు ఎఫ్‌బీఐ లెక్క ఒకసారి చూడాలి. అదే 2024లో రాన్సమ్‌వేర్ వల్ల జరిగిన నష్టంగా దాని నివేదికలో కనిపించేది సుమారు 1.25 కోట్ల డాలర్లు. ఛేంజ్ హెల్త్‌కేర్ చెల్లించిన సొమ్ములో సగం పైచిలుకు! ఆగిపోయిన వ్యాపారం, పోయిన సమయం, బాగుచేసుకున్న ఖర్చు ఇందులో కలపలేదని ఆ నివేదికే ఒప్పుకుంటుంది. బిట్‌కాయిన్ లావాదేవీలను వెంబడించే చైనాలిసిస్ ప్రకారం ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా ముఠాలకు చేరింది సుమారు 81 కోట్ల డాలర్లు, అంతకు ముందు ఏడాది 125 కోట్లు. తగ్గుదలకు పోలీసుల దాడులు ఒక కారణం, బాధితులు చెల్లించడానికి మొరాయించడం ఇంకొకటి.

చెల్లిస్తే పని అయిపోతుందన్నదీ భ్రమే. 2021లో అమెరికా ఇంధన సరఫరా సంస్థ కొలోనియల్ పైప్‌లైన్ 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి ధరకు 44 లక్షల డాలర్లు కట్టింది. బదులుగా దొరికిన తాళంచెవి ఎంత నెమ్మదిగా పనిచేసిందంటే, కంపెనీ తన బ్యాకప్‌లనే నమ్ముకోవాల్సి వచ్చింది. ఎఫ్‌బీఐ తర్వాత 63.7 బిట్‌కాయిన్లు వెనక్కి లాగింది. ఈలోగా బిట్‌కాయిన్ ధర పడిపోవడంతో వాటి విలువ 23 లక్షల డాలర్లే అయింది.

అయితే దొంగ లాభమూ బాధితుడి నష్టమూ ఒక్కటిగా ఉండే నేరాలూ ఉన్నాయి. ఫిర్యాదుల్లో చెప్పుకున్న నష్టంలో సింహభాగం వాటిదే. 2024లో ఎఫ్‌బీఐకి చేరిన నష్టంలో పెట్టుబడుల పేరుతో జరిగిన మోసాలే 650 కోట్ల డాలర్లు దాటాయి. కంపెనీ మెయిళ్లను ఏమార్చి చెల్లింపులు దారి మళ్లించే మోసాలు మరో 277 కోట్లు. వీటికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు. 2024లో అరూప్ అనే ఇంజినీరింగ్ సంస్థ హాంకాంగ్ ఉద్యోగి వీడియో కాల్‌లో పై అధికారి చెప్పాడనుకుని 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. ఆ కాల్‌లో కనిపించిన ముఖాలన్నీ డీప్‌ఫేక్‌లే.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంక్ దోపిడీ కూడా ఈ కోవదే, కాస్త పనితనం ఎక్కువ. గురువారం రాత్రి దొంగలు ఆ బ్యాంకు డబ్బు దాచుకున్న న్యూయార్క్ ఫెడ్‌కు, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు న్యూయార్క్ శాఖకు, 95 కోట్ల డాలర్ల పైచిలుకు బదిలీ ఆదేశాలు పంపారు. శుక్రవారం ఢాకాలో సెలవు. లావాదేవీలు అచ్చయ్యే ప్రింటర్ ఆ ఉదయం పనిచేయలేదు. ప్రింటర్ మొరాయించడం ఏ ఆఫీసులోనైనా మామూలే కదా అని వదిలేశారు. ఢాకాలో తేరుకునేసరికి న్యూయార్క్‌లో వారాంతం. సోమవారం మనీలాలో చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవు. ఒక ఆదేశంలో ఫౌండేషన్ అనే మాటకు స్పెల్లింగ్ తప్పు పడటంతో మధ్యలోని బ్యాంకుకు అనుమానం వచ్చి శ్రీలంకకు పోతున్న 2 కోట్లు దక్కాయి. మరికొన్ని ఆదేశాల్లో జూపిటర్ అనే వీధి పేరు ఆంక్షల జాబితాలోని ఒక పేరుతో కలిసి నిలిచిపోయాయి. ఫిలిప్పీన్స్ చేరిన 8.1 కోట్లలో చాలాభాగం కేసినోల్లో కరిగిపోయింది. దీని వెనక ఉన్నది ఉత్తర కొరియా అని అమెరికా ఆరోపణ. అదే దేశం 2025 ఫిబ్రవరిలో బైబిట్ క్రిప్టో ఎక్స్చేంజ్ నుంచి ఒక్క దెబ్బకు 150 కోట్ల డాలర్లు కొట్టేసిందని ఎఫ్‌బీఐ ప్రకటించింది. తొమ్మిదేళ్లలో పద్దెనిమిది రెట్లు.

ఈ మోసాల వెనక ఉన్న శ్రమ కూడా నష్టమే, డాలర్లలో రాదు గానీ. మయన్మార్‌లో కనీసం 1.2 లక్షల మంది, కంబోడియాలో లక్ష మంది మోస కేంద్రాల్లో బలవంతంగా పనిచేస్తూ ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023లో చెప్పింది. ఉద్యోగమని పిలిచి, పాస్‌పోర్టు లాక్కుని, ఫోన్లు చేతికిచ్చి కూర్చోబెడతారు.

పుట్టెడు నష్టం చివరికి ఎవరి నెత్తిన పడుతుంది? బీమా ఉందిగా అనుకుంటే, నాట్‌పెట్యా తర్వాత మెర్క్ 140 కోట్ల డాలర్ల క్లెయిమ్‌కు బీమా సంస్థలు అది యుద్ధచర్య, యుద్ధానికి పాలసీ వర్తించదని అడ్డం తిరిగాయి. న్యూజెర్సీ కోర్టులు ఆ వాదన ఒప్పుకోలేదు. ఆ కేసు 2024 జనవరిలో రాజీతో ముగిసింది. ఈలోగా బీమా సంస్థలు పాలసీల భాషను బిగించాయి. కొనుగోలుదారుడి మీదికి నెట్టడం ఇంకో దారి. డేటా పోయిన సంస్థల్లో 63 శాతం ధరలు పెంచుతామని 2024 ఐబీఎం నివేదికకు చెప్పాయి. తమ వివరాలు పోగొట్టుకున్నవాళ్లే ఆ ఖర్చు కూడా భరిస్తారన్నమాట.

దాడికి గురికానివాళ్లు మునిగిపోవడం మూడోది. 2025 సెప్టెంబర్ ఒకటిన జాగ్వార్ ల్యాండ్ రోవర్ కంప్యూటర్లు ఆపేసింది. అయిదు వారాలు కార్లు తయారు కాలేదు. బ్రిటన్ సైబర్ మానిటరింగ్ సెంటర్ నష్టాన్ని 190 కోట్ల పౌండ్లుగా అంచనా వేసింది. దెబ్బ తిన్న సంస్థలు 5,000కు పైగా. సీట్లు కుట్టేవాళ్లు, బోల్టులు చేసేవాళ్లు, విడిభాగాలు మోసే లారీలవాళ్లు. వాళ్ల కంప్యూటర్లను ఎవరూ తాకలేదు. ఆర్డర్లు రాలేదంతే. 150 కోట్ల పౌండ్ల అప్పుకు ప్రభుత్వం హామీ ఉండాల్సి వచ్చింది.

అంత పెద్ద కంపెనీ కాకపోతే హామీకి ఎవరూ రారు. నైట్స్ ఆఫ్ ఓల్డ్ పేరుతో లారీలు నడిపిన కేఎన్‌పీ అనే బ్రిటిష్ సంస్థకు 158 ఏళ్ల చరిత్ర. 500 లారీలుండేవి, సైబర్ బీమా కూడా ఉంది. 2023లో ఒక ఉద్యోగి పాస్‌వర్డ్ ఊహించి ముఠా లోపలికి దూరిందని భావిస్తున్నారు. లెక్కల పుస్తకాలన్నీ తాళం కింద పడ్డాయి. మూడు నెలల్లో సంస్థ మూతపడి, దాదాపు 700 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ పాస్‌వర్డ్ తనదేనన్న సంగతి ఆ ఉద్యోగికి చెప్పనేలేదని కంపెనీ డైరెక్టర్ ఒకరు తర్వాత అన్నారు.